యూనిక్స్ సాకెట్ ఫైలు అనుమతులు: వెబ్ సర్వర్‌కూ క్యాష్‌కూ మధ్య

ఒకే యంత్రంలో నడిచే రెండు ప్రోగ్రాములు నెట్‌వర్క్ జోలికి పోకుండా నేరుగా మాట్లాడుకోవడానికి యూనిక్స్ కుటుంబపు వ్యవస్థల్లో ఉన్న సదుపాయం యూనిక్స్ సాకెట్. మామూలు ఫైలుకి ఉన్నట్టే దీనికీ ఒక పేరు, ఒక దారి, సొంతదారు, గ్రూపు, అనుమతుల అంకెలు ఉంటాయి. వెబ్‌సైట్లు నడిపే సర్వర్లలో దీన్ని ఎక్కువగా వాడేది వెబ్ సర్వర్‌కీ క్యాష్‌కీ మధ్య. పదేపదే అడిగే సమాచారాన్ని మెమరీలో దాచి ఉంచి, అడిగిన వెంటనే అందించే ప్రోగ్రామే క్యాష్. భద్రత కోసం ఈ రెంటినీ వేర్వేరు యూజర్ల పేరిట నడుపుతారు. ఒకరి సాకెట్‌ను మరొకరు తాకడానికి అనుమతులు కుదరకపోతే లాగ్‌లో ‘పర్మిషన్ డినైడ్’ అని పడుతుంది. ఒక్క ఆదేశంతో అనుమతులన్నీ తెరిచేస్తే ఆ సందేశం పోతుంది, సైటు లేస్తుంది. అలా తెరిచినప్పుడు కొనుగోలుదారుల వివరాలు కూడా ఆ యంత్రంలోని ప్రతి ప్రోగ్రాముకూ తెరుచుకుంటాయి. అందుకే దీన్ని సరిగ్గా ఎలా సరిచెయ్యాలో తెలిసి ఉండటం అవసరం.

చరిత్ర

ప్రతి ఫైలుకీ ఒక సొంతదారు ఉండాలనీ, ఎవరు చదవచ్చో ఎవరు రాయచ్చో ఫైలు మీదే గుర్తు ఉండాలనీ అనుకున్నది 1970ల తొలినాళ్ళలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రూపొందించిన కెన్ థామ్సన్, డెనిస్ రిచీ బృందం. సాకెట్ ఆ తర్వాత వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణం నుంచి 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీలో ఇంటర్నెట్ సాకెట్లతో పాటు, యంత్రం లోపలి సంభాషణకు పనికొచ్చే యూనిక్స్ సాకెట్లూ ఉన్నాయి. పాత అనుమతుల పద్ధతి కొత్త సాకెట్‌కి వర్తిస్తుందా అన్న ప్రశ్నకు అన్ని వ్యవస్థలూ ఒకే జవాబు ఇవ్వలేదు. పాత బీఎస్‌డీ వ్యవస్థలు కొన్ని సాకెట్ ఫైలు మీది అనుమతులను అసలు పట్టించుకునేవి కావు. పోసిక్స్ ప్రమాణం కూడా ఈ విషయంలో మౌనంగా ఉండిపోయింది. లినక్స్ మాత్రం వాటిని ఖచ్చితంగా అమలు చేస్తుంది. ఈ వ్యాసంలో చెప్పేదంతా లినక్స్‌కి సంబంధించినదే.

క్యాష్ ప్రోగ్రాముల కథ ఇరవై ఏళ్ళ తర్వాత మొదలవుతుంది. లైవ్‌జర్నల్ సైటు మీద భారం తగ్గించడానికి బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 2003లో మెమ్‌క్యాష్‌డీ రాశాడు. ఈగర్ సిసోయెవ్ రాసిన ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ 2004లో బయటికొచ్చింది. నార్వే పత్రిక వెర్డెన్స్ గాంగ్ సైటు కోసం పౌల్ హెన్నింగ్ కాంప్ తీర్చిదిద్దిన వార్నిష్ 2006లోనూ, సాల్వతోరె సాన్‌ఫిలిప్పో రాసిన రెడిస్ 2009లోనూ వచ్చాయి. తెలుగు పాఠకుడు వీటిని రోజూ వాడుతూనే ఉంటాడు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచే సర్వర్లలో వార్నిష్, మెమ్‌క్యాష్‌డీ రెండూ పనిచేస్తాయి. వికీమీడియా సంస్థ 2018లో సింగపూర్‌లో క్యాష్ కేంద్రం తెరిచాక, పాతబస్తీలో కూర్చుని చార్మినార్ వ్యాసం తెరిచినవాడికి ఆ పేజీ అమెరికా దాకా వెళ్ళి రావలసిన అవసరం చాలాసార్లు తప్పింది.

నెట్‌వర్క్ పోర్టు ఉండగా సాకెట్ ఎందుకు

క్యాష్‌ని 127.0.0.1 అనే అంతర్గత చిరునామా మీద, ఒక పోర్టు నంబరుతో నడపడం తేలిక. అనుమతుల గొడవే ఉండదు. అందులో ఉన్న ఇబ్బందీ అదే. అంతర్గత పోర్టు దగ్గరికి వచ్చినవాడు ఏ యూజరో అడిగేవాడు ఉండడు. ఆ యంత్రంలో ఖాతా ఉన్న ఎవరైనా, చొరబడిన ఏ చిన్న స్క్రిప్టైనా నేరుగా క్యాష్‌తో మాట్లాడచ్చు. సాకెట్ ఫైలుకైతే వ్యవస్థకు గుండెకాయ అయిన కెర్నల్ స్వయంగా కాపలా కాస్తుంది.

వేగం రెండో కారణం. యంత్రం లోపలి మాటే అయినా పోర్టు గుండా వెళ్తే టీసీపీ తంతు అంతా జరపాలి. లినక్స్ వంటి వ్యవస్థల్లో అంతర్గత టీసీపీ కన్నా యూనిక్స్ సాకెట్ మీద సుమారు 50 శాతం ఎక్కువ పని జరగవచ్చని రెడిస్ అధికారిక పత్రాలే చెబుతాయి. అభ్యర్థనలను గుత్తగా పంపే పద్ధతి వాడితే ఈ తేడా తగ్గిపోతుంది. చిన్న సైటుకి ఈ వేగం పెద్దగా తెలియకపోవచ్చు కాబట్టి సాకెట్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం భద్రతే అనుకోవాలి.

పోర్టు పొరపాటున బయటికి తెరుచుకుంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరి 28న ప్రపంచమంతా చూసింది. ఇంటర్నెట్‌కి తెరిచి వదిలేసిన మెమ్‌క్యాష్‌డీ సర్వర్లను దాడికి వాడుకుని, గిట్‌హబ్ మీదకి సెకనుకు 1.35 టెరాబిట్ల రద్దీని మళ్ళించారు. యూడీపీ మార్గంలో ఒక చిన్న అభ్యర్థనకి భారీ జవాబు రాబట్టి, దాన్ని బాధితుడి చిరునామాకి పంపించడమే ఆ దాడి కిటుకు. దాని తర్వాత మెమ్‌క్యాష్‌డీ 1.5.6లో యూడీపీని ముందుగానే మూసి ఇవ్వడం మొదలుపెట్టారు. సాకెట్ మీద మాత్రమే వినే మెమ్‌క్యాష్‌డీకి బయటి ప్రపంచంతో సంబంధమే ఉండదు. సాకెట్ దారి ఇస్తూ దాన్ని మొదలుపెడితే నెట్‌వర్క్ దానంతటదే మూసుకుంటుంది. రెడిస్ అలా కాదు. సాకెట్ ఇచ్చినా 6379 పోర్టు తెరిచే ఉంటుంది, సెట్టింగుల ఫైలులో పోర్టు విలువ 0 అని రాస్తేనే మూసుకుంటుంది. సాకెట్ అనుమతులు ఎంతో జాగ్రత్తగా సరిచేసుకుని ఈ ఒక్క వరస మరిచిపోతే ఆ జాగ్రత్తంతా వృథా.

కెర్నల్ ఎలా నిర్ణయిస్తుంది

సాకెట్‌తో కలవాలంటే లినక్స్‌లో రెండు షరతులు తీరాలి. మొదటిది, సాకెట్ ఫైలు మీద ‘రాసే’ అనుమతి ఉండాలి. చదివే అనుమతి, నడిపే అనుమతి ఇక్కడ లెక్కలోకి రావు. రెండోది, ఆ ఫైలు దాకా దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీ మీదా ‘నడిపే’ అనుమతి ఉండాలి. డైరెక్టరీ విషయంలో ఆ అనుమతికి అర్థం దాన్ని దాటి లోపలికి పోవచ్చని.

దీన్ని ఊరి దర్వాజాతో పోల్చచ్చు. ప్రాకారం నిలిచి ఉన్న రోజుల్లో హైదరాబాద్ నగరంలోకి రావాలంటే ఏదో ఒక దర్వాజా దాటాలి. వాటిలో పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు ఇప్పటికీ ఉన్నాయి. దర్వాజా మూసి ఉంటే, లోపల చుట్టాలిల్లు బార్లా తెరిచి ఉన్నా వచ్చినవాడు బయటే నిలబడాలి. సాకెట్ మీద అన్ని అనుమతులూ ఇచ్చేసి, దాని పై డైరెక్టరీని 700లో, అంటే సొంతదారుకి మాత్రమే తెరిచి, వదిలేసి, ఇంకా ఎందుకు కలవడం లేదని తలపట్టుకునేవాళ్ళది ఇదే పరిస్థితి.

ముగ్గురికి మూడు అంకెలు: మొదటిది సొంతదారుకి, రెండోది గ్రూపుకి, మూడోది మిగతా లోకానికి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, వీటి కూడికే అంకె. 770 అంటే సొంతదారుకీ గ్రూపుకీ అన్నీ, మిగతావాళ్ళకి ఏమీ లేదు. ఇక్కడ చాలామంది గమనించని నియమం ఒకటి ఉంది. కెర్నల్ ఈ ముగ్గురిలో ఒక్కరి వరసే చూస్తుంది. వచ్చినవాడు సొంతదారే అయితే సొంతదారు అంకెతోనే తేల్చేస్తుంది. అది చాలకపోయినా, గ్రూపు అంకె ఎంత ఉదారంగా ఉన్నా అటు చూడదు. రూట్ యూజర్‌కి మాత్రం ఈ అడ్డంకులేవీ ఉండవు.

సాకెట్‌కి పుట్టుకతో వచ్చే అంకెల వెనక యూమాస్క్ ఉంటుంది. కొత్త ఫైళ్ళ నుంచి ఏ అనుమతులు తీసెయ్యాలో ప్రతి ప్రాసెస్ తనతో మోసుకు తిరిగే విలువ అది. అది మామూలుగా 022. సాకెట్ 777తో పుట్టబోతుంటే యూమాస్క్ గ్రూపు నుంచీ ఇతరుల నుంచీ రాసే అనుమతిని తీసేసి 755 చేస్తుంది. చూడటానికి 755 చాలా ఉదారంగా కనిపిస్తుంది. వెబ్ పేజీల ఫైళ్ళకైతే అది చాలినంత కూడా. సాకెట్‌కి కావలసింది రాసే అనుమతి, 755లో అది సొంతదారుకే ఉంది. సాకెట్ల విషయంలో వచ్చే చిక్కుల్లో పెద్ద వాటా ఈ ఒక్క అంకెది.

లాడ్ బజార్ నుంచి ఒక ఉదాహరణ

చార్మినార్‌కు పడమటి పక్కన లాడ్ బజార్. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. ఆ వీధిలోని ఒక దుకాణం తన గాజులు ఆన్‌లైన్‌లో అమ్ముతోందని ఊహించుకుందాం. సైటు నెలసరి అద్దెకు తీసుకున్న చిన్న వర్చువల్ సర్వర్‌లో ఉంది. అందులో ఉబుంటు, ముందు ఎంజిన్‌ఎక్స్, దాని వెనక పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం నడిపే వర్డ్‌ప్రెస్, సరుకు వివరాలకి డేటాబేస్. రంజాన్ నెల దగ్గరపడుతోంది. రాత్రిళ్ళు బేరాలు పెరుగుతాయి కాబట్టి డేటాబేస్ మీద భారం తగ్గించడానికి రెడిస్ పెట్టారు. కొనుగోలుదారుడు ఎంచుకున్న గాజుల బుట్ట, లాగిన్ సెషన్లు, పేజీల్లో పదేపదే వచ్చే ధరలు అన్నీ ఇక రెడిస్‌లోనే. సాకెట్ దారి /రన్/రెడిస్/రెడిస్.సాక్.

రెడిస్ నడుస్తోంది, సాకెట్ ఉంది, కానీ సైటు ఏమీ వేగం పుంజుకోలేదు. కొన్ని ప్లగిన్లు క్యాష్ అందకపోతే పేజీ మీద ఏ తప్పూ చూపించకుండా నేరుగా డేటాబేస్‌కి వెళ్ళిపోతాయి. అందువల్ల క్యాష్ పనిచెయ్యడం లేదన్న సంగతి రద్దీ రాత్రి సైటు కుప్పకూలేదాకా బయటపడకపోవచ్చు. లాగ్ తెరిస్తే సాకెట్ దారి, దాని పక్కన 13, ‘పర్మిషన్ డినైడ్’ అని ఉంటుంది.

ఆ అంకె దగ్గర కాస్త ఆగాలి. అక్కడ 2 ఉండి ‘నో సచ్ ఫైల్’ అని ఉంటే సాకెట్ ఆ దారిలో లేదని అర్థం. 111 ఉండి ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని ఉంటే ఫైలు ఉంది గానీ దాని అవతల వినేవాడు లేడు. రెడిస్ అర్ధంతరంగా ఆగిపోయి సాకెట్ ఫైలు మాత్రం మిగిలిపోయినప్పుడు ఇలా వస్తుంది. ఈ రెంటికీ అనుమతులతో పనే లేదు. 13 ఒక్కటే అనుమతుల మాట. అంకె చూడకుండా అనుమతులు మార్చడం మొదలుపెట్టేవాళ్ళు లేని రోగానికి మందు వేస్తున్నట్టే.

తర్వాతి ప్రశ్న, సాకెట్ తలుపు తడుతున్నది ఎవరు? ఎంజిన్‌ఎక్స్ అని తొందరపడతారు. ఈ అమరికలో ఎంజిన్‌ఎక్స్ రెడిస్‌ని తాకనే తాకదు. పీహెచ్‌పీ అభ్యర్థనను అది పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంకి అప్పగిస్తుంది. రెడిస్ దగ్గరికి వెళ్ళేది ఆ ఎఫ్‌పీఎం వర్కర్ ప్రాసెస్. ఉబుంటులో అది సాధారణంగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరిట నడుస్తుంది. సైటుకో యూజర్ పెట్టిన సర్వర్లలో ఆ పేరు వేరేగా ఉంటుంది. నడుస్తున్న ప్రాసెస్‌ల పట్టికలో యూజర్ గడి చూసి నిర్ధారించుకోవడం తప్ప ఊహించకూడదు. ఎంజిన్‌ఎక్స్‌కి మెమ్‌క్యాష్‌డీ మాడ్యూల్ ఉంది, దాన్ని వాడినప్పుడు మాత్రం తలుపు తట్టేది ఎంజిన్‌ఎక్స్ వర్కరే. దాని మాస్టర్ ప్రాసెస్ రూట్‌గా నడుస్తుంది, సెట్టింగుల పరీక్ష కూడా ఏ తప్పూ చూపించదు. అభ్యర్థన మోసేది మాత్రం హక్కుల్లేని వర్కర్, అది అక్కడ ఆగిపోతుంది.

ఇప్పుడు సాకెట్‌ని దగ్గరగా చూద్దాం. ఎల్‌ఎస్ ఆదేశానికి ఎల్ ఐచ్ఛికం ఇచ్చి అడిగితే వచ్చే వరసలో మొట్టమొదటి అక్షరం ఎస్. ఇది సాకెట్ అని దాని అర్థం. ఆ తర్వాత మూడేసి అక్షరాల మూడు గుంపులు. సొంతదారు గుంపులో ఆర్, డబ్ల్యూ, ఎక్స్ మూడూ ఉన్నాయి. గ్రూపు గుంపులో ఆర్ తర్వాత డబ్ల్యూ ఉండవలసిన చోట చిన్న అడ్డగీత ఉంది. చివరి గుంపూ అంతే. తర్వాత సొంతదారు రెడిస్, గ్రూపు రెడిస్. అంటే 755. చిక్కంతా నడిమి అక్షరం స్థానంలో ఉన్న ఆ గీతలోనే ఉంది. నేమ్‌ఐ అనే ఆదేశానికి కూడా ఎల్ ఐచ్ఛికం ఇచ్చి సాకెట్ దారి చెబితే, రూట్ డైరెక్టరీ నుంచి సాకెట్ దాకా ఒక్కొక్క మెట్టు అనుమతులను వరసగా చూపిస్తుంది. దారిలో మూసి ఉన్న డైరెక్టరీ ఏదో పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన సాధనం లేదు, ఇది తెలియనివాళ్ళు మాత్రం చాలామంది.

సరిచేసే పద్ధతి

సాకెట్‌ను పంచుకోవలసిన రెండు సేవలకీ ఉమ్మడిగా ఒక గ్రూపు ఉండాలి. సాకెట్ ఆ గ్రూపుకి చెందాలి, గ్రూపుకి రాసే అనుమతి ఉండాలి, మిగతా లోకానికి ఏమీ ఉండకూడదు. పరిష్కారం ఇంతే. దాన్ని ఎక్కడ రాస్తామన్నదే ముఖ్యం. నడుస్తున్న సాకెట్ మీద అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ ఆదేశం ఇస్తే వెంటనే పనిచేస్తుంది గానీ రెడిస్ మళ్ళీ మొదలైనప్పుడు కొత్త సాకెట్ పాత అంకెలతోనే పుడుతుంది. కాబట్టి మార్పు సాకెట్‌ను పుట్టించే సెట్టింగులో జరగాలి.

రెడిస్‌లో దీనికి యూనిక్స్‌సాకెట్‌పెర్మ్ అనే సెట్టింగు ఉంది, దానికి 770 ఇవ్వాలి. మెమ్‌క్యాష్‌డీ జాగ్రత్త ఎక్కువ, ఏమీ చెప్పకపోతే 700తో పుట్టిస్తుంది. దాన్ని మార్చడానికి ‘ఏ’ ఐచ్ఛికానికి 770 ఇవ్వాలి. వార్నిష్ 2018లో వచ్చిన 6.0 నుంచి యూనిక్స్ సాకెట్ల మీద వినగలదు. వినే దారి చెప్పే చోటే యూజర్, గ్రూపు, మోడ్ కూడా రాయచ్చు. హెచ్‌టీటీపీఎస్ విప్పే ప్రోగ్రాము ముందుండి, విప్పిన అభ్యర్థనను సాకెట్ ద్వారా వార్నిష్‌కి అందించే అమరికలో ఇది బాగా పనికొస్తుంది. వార్నిష్ నుంచి వెనకున్న ఎంజిన్‌ఎక్స్‌కి కూడా సాకెట్ వెయ్యచ్చు. అక్కడ మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. ఎంజిన్‌ఎక్స్ తాను వినే సాకెట్‌ను 666తో, అంటే అందరూ కలవగలిగేలా పుట్టిస్తుంది. దాన్ని కాపాడాలంటే సాకెట్‌ను ఒక ప్రత్యేక డైరెక్టరీలో పెట్టి ఆ డైరెక్టరీ అనుమతులను బిగించాలి.

గ్రూపు విషయంలో తేలిక మార్గం డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్‌ను రెడిస్ గ్రూపులో చేర్చడం. యూజర్‌మాడ్ ఆదేశంలో ఏ, జీ అక్షరాలు రెండూ ఉండాలి. ‘ఏ’ మరిచిపోతే ఆ యూజర్ అంతకుముందున్న అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. చేర్చాక పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంని మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రాసెస్ తన గ్రూపుల జాబితాను పుట్టినప్పుడే తీసుకుంటుంది. ఐడీ ఆదేశం కొత్త గ్రూపు చూపిస్తున్నా నడుస్తున్న ప్రాసెస్‌కి అది తెలియదు. అనుమానం ఉంటే /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ అంకె పేరున్న డైరెక్టరీలో స్టేటస్ ఫైలు తెరిచి ‘గ్రూప్స్’ వరస చూడాలి. కెర్నల్ నమ్మేది ఆ వరసనే.

ఈ తేలిక మార్గంలో ఒక లోటు ఉంది. రెడిస్ గ్రూపుకి తెరిచి ఉన్న మిగతా ఫైళ్ళు, ఉదాహరణకి పాస్‌వర్డు రాసి ఉన్న సెట్టింగుల ఫైలు, వెబ్ యూజర్‌కి కూడా కనిపించే వీలుంది. ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి సాకెట్ కోసమే ఒక కొత్త గ్రూపు పెట్టడం. దానికోసం ఒక డైరెక్టరీ చేసి, సొంతదారు రెడిస్, గ్రూపు ఆ కొత్తది, అంకె 2750 పెట్టాలి. ముందున్న 2 సెట్‌జీఐడీ గుర్తు. దానివల్ల ఆ డైరెక్టరీలో పుట్టే ప్రతి ఫైలూ, సాకెట్ కూడా, డైరెక్టరీ గ్రూపునే తీసుకుంటుంది. రెడిస్ సొంత గ్రూపు ఏదైనా సాకెట్ మాత్రం కొత్త గ్రూపుకి చెందుతుంది. బయటివాళ్ళు ఆ డైరెక్టరీ గడపే దాటలేరు. దుకాణం సైటుకి ఈ పద్ధతే సిఫారసు చెయ్యదగ్గది. పని ఓ పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి దాని జోలికి పోనక్కరలేదు.

పని అయిందో లేదో తేల్చుకోవడానికి రూట్‌గా ప్రయత్నించి లాభం లేదు, రూట్ ఎప్పుడైనా కలుస్తాడు. సుడో ద్వారా ఆ వెబ్ యూజర్‌గా మారి, రెడిస్ క్లయింట్‌కి సాకెట్ దారి ఇచ్చి ‘పింగ్’ అనాలి. ‘పాంగ్’ వస్తే దారి తెరుచుకున్నట్టు. ఆ వెంటనే సంబంధంలేని మరో యూజర్‌గా మారి అదే అడగాలి. అప్పుడు ‘పర్మిషన్ డినైడ్’ రావాలి. ఈ రెండో పరీక్షను దాదాపు అందరూ వదిలేస్తారు. తలుపు మూసి ఉందని చెప్పేది ఇదొక్కటే.

777 అనే అలవాటు

చిక్కు వచ్చిన వెంటనే సాకెట్‌కి 777 ఇచ్చెయ్యడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. ఒక్క సైటున్న యంత్రంలో దానివల్ల నష్టం వెంటనే కనబడదు. మన గాజుల దుకాణం ఉన్న సర్వర్‌లోనే ఇంకో అత్తరు దుకాణం సైటు, ఒక హోటల్ సైటు ఉన్నాయనుకుంటే సంగతి మారిపోతుంది. చిన్న వ్యాపారాలకు సైట్లు చేసిచ్చేవాళ్ళు ఖర్చు కలిసొస్తుందని ఇలాగే ఒక సర్వర్‌లో నాలుగైదు సైట్లు పెడతారు. హోటల్ సైటులో పాతబడిన ప్లగిన్ గుండా ఎవరో చొరబడితే, 777 ఉన్న సాకెట్ ద్వారా గాజుల దుకాణం రెడిస్‌లోకి నేరుగా నడిచి వెళ్తారు. అందులో ఉన్న లాగిన్ సెషన్లు తీసుకుని దుకాణం యజమానిగా సైటులో ప్రవేశించచ్చు, ధరలు మార్చచ్చు, ఒక్క ఆదేశంతో మొత్తం తుడిచెయ్యచ్చు. తప్పు చేసింది ఒకరైతే నష్టపోయేది మరొకరు.

అందరికీ తెరిచి ఉంచడమే మామూలుగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కి ఏమైందో 2014 చూపించింది. వెబ్ సర్వర్‌తో మాట్లాడటానికి పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం పుట్టించే సాకెట్ అప్పటిదాకా 666తో ఉండేది. ఆ యంత్రంలో ఉన్న ఏ యూజరైనా దానితో కలిసి, ఎఫ్‌పీఎం హక్కులతో తన సొంత పీహెచ్‌పీని నడిపించుకోవచ్చు. సీవీఈ-2014-0185 అనే సంఖ్యతో నమోదైన ఈ లోపాన్ని ఆ ఏడాది మే నెలలో వచ్చిన పీహెచ్‌పీ 5.4.28, 5.5.12 సరిదిద్దాయి. మామూలు విలువ 660 అయింది. నవీకరణ పడగానే ఎన్నో ఎంజిన్‌ఎక్స్ సైట్లు ‘502 బ్యాడ్ గేట్‌వే’ చూపించాయి, ఎందుకంటే సాకెట్ గ్రూపులో ఎంజిన్‌ఎక్స్ యూజర్ లేడు. సెట్టింగుల ఫైలులో సాకెట్ సొంతదారు, గ్రూపు చెప్పే రెండు వరసలు రాస్తే చాలు, సైటు లేస్తుంది. ఆ కంగారులో చాలామంది చేసింది మాత్రం మళ్ళీ 666కి తిప్పేయడం. లోపాన్ని సరిదిద్దిన నవీకరణను వేసుకుని, అదే లోపాన్ని చేతులారా వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పటికీ కొన్ని సర్వర్లలో ఆ నాటి వరస అలాగే కాపీ అవుతూ వస్తోంది.

అంకెలు సరిగ్గా ఉన్నా కలవనప్పుడు

అనుమతులన్నీ సక్రమంగా ఉండి కూడా కనెక్షన్ కుదరని సందర్భాలు కొన్ని ఉన్నాయి. /టెంప్‌లో సాకెట్ పెట్టడం వాటిలో పాతది. సేవలను మొదలుపెట్టి నడిపించే సిస్టమ్‌డీ చాలా సేవలకు ప్రైవేట్‌టెంప్ ఏర్పాటుతో ఎవరి /టెంప్ వారికే ఇస్తుంది. రెడిస్ తన /టెంప్‌లో సాకెట్ పుట్టిస్తే పీహెచ్‌పీ తన /టెంప్‌లో వెతుక్కుంటుంది, దొరకదు. టెర్మినల్ తెరిచి చూసే మనకి మూడో /టెంప్ కనబడుతుంది. సాకెట్‌కి తగిన చోటు /రన్.

/రన్ మెమరీలో ఉండే డైరెక్టరీ. యంత్రం ఆపి లేపితే ఖాళీగా లేస్తుంది. చేత్తో చేసుకున్న డైరెక్టరీ రీబూట్ తర్వాత మాయమై, నెలల తరబడి బాగా నడిచిన సైటు ఒక ఉదయం లేవకపోవడానికి కారణం ఇదే. సేవ యూనిట్ ఫైలులో రన్‌టైమ్‌డైరెక్టరీ వరస గానీ, టెంప్‌ఫైల్స్.డీలో ఆ డైరెక్టరీ పేరు, అంకె, సొంతదారు, గ్రూపు రాసిన ఒక వరస గానీ ఉంటే సిస్టమ్‌డీయే ప్రతిసారీ పుట్టిస్తుంది. సాకెట్‌ను సిస్టమ్‌డీయే తెరిచి సేవకి అప్పగించే పద్ధతిలో మాత్రం సాకెట్‌మోడ్ మామూలు విలువ 666 అని మరిచిపోకూడదు.

రెడ్‌హ్యాట్ కుటుంబపు వ్యవస్థల్లో ఎస్‌ఈలినక్స్ మరో అంచె కాపలా. ఏ రకం ప్రాసెస్ ఏ రకం ఫైలుని తాకచ్చో దాని నియమాలు విడిగా ఉంటాయి. అది అడ్డుపడినా లాగ్‌లో కనబడేది అదే 13. వెబ్ యూజర్‌గా మారి చేత్తో పరీక్షిస్తే పింగ్‌కి పాంగ్ వస్తుంది, సేవ నుంచి మాత్రం రాదు. ఈ రెండూ కలిసి కనబడితే ఎస్‌ఈలినక్స్ అనుకోవాలి. ఆడిట్ లాగ్‌లో నిరాకరణ నమోదై ఉంటుంది, దాన్ని బట్టి సరైన లేబులో నియమమో ఇవ్వాలి. ఎస్‌ఈలినక్స్‌ను శాశ్వతంగా ఆపేసుకోవడం 777 ఇవ్వడం లాంటిదే.

కంటెయినర్లలో పేర్లకి విలువ లేదు, కెర్నల్ చూసేది యూజర్ అంకెనే. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అంకె డెబియన్ ఆధారిత ఇమేజ్‌లలో 33, ఆల్పైన్‌లో 82. సాకెట్ ఉన్న వాల్యూమ్‌ను రెండు కంటెయినర్లు పంచుకుంటున్నప్పుడు ఒకదాని ఇమేజ్‌ను డెబియన్ నుంచి ఆల్పైన్‌కి మార్చితే, సెట్టింగుల్లో ఒక్క అక్షరం మారకపోయినా కనెక్షన్ తెగిపోతుంది. రెండు వైపులా ఒకే గ్రూపు అంకెను చేత్తో నిర్దేశించాలి.

లినక్స్‌కి మాత్రమే ప్రత్యేకమైన ‘అమూర్త’ సాకెట్లు ఇంకో రకం. వీటికి డిస్కు మీద ఫైలు ఉండదు కాబట్టి అనుమతుల అంకెలూ ఉండవు. అదే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో ఉన్న ఎవరైనా కలవచ్చు. క్యాష్‌కి వీటిని వాడకపోవడమే మంచిది. దారి పొడవుకి కూడా పరిమితి ఉంది: లినక్స్‌లో చివరి సున్నాతో కలిపి 108 బైట్లు. లోతైన డైరెక్టరీల్లో సాకెట్ పెట్టేవాళ్ళకి ఇది ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది.

అనుమతుల హద్దు

ఫైలు అనుమతులు తలుపు దగ్గర ఆగిపోతాయి. లోపలికి వచ్చినవాడు ఏం చెయ్యచ్చో అవి చెప్పవు. సాకెట్‌తో కలిసిన వ్యక్తి ఎవరో తెలుసుకోవడానికి కెర్నల్ అవతలి ప్రాసెస్ యూజర్ అంకె, గ్రూపు అంకె అందిస్తుంది. పోస్ట్‌గ్రెస్ తన ‘పీర్’ పద్ధతిలో దీనితోనే పాస్‌వర్డు లేకుండా యూజర్‌ను గుర్తుపడుతుంది. రెడిస్, మెమ్‌క్యాష్‌డీ వంటి క్యాష్‌లు యూజర్‌ను తేల్చడానికి ఈ పద్ధతి మీద ఆధారపడవు. 2020లో వచ్చిన రెడిస్ 6లో ఏసీఎల్ అనే సదుపాయం చేరింది. పేరు, పాస్‌వర్డులతో యూజర్లను పెట్టి, ఎవరు ఏ ఆదేశాలు వాడచ్చో, ఏ పేర్లతో మొదలయ్యే కీలను తాకచ్చో హద్దులు గీయచ్చు. మెమ్‌క్యాష్‌డీలో అటువంటి విభజన లేదు, లోపల ఉన్నదంతా వచ్చిన ప్రతివాడికీ ఒకటే.

అందువల్ల ఒక సర్వర్‌లో నాలుగు దుకాణాల సైట్లున్నప్పుడు నాలుగు రెడిస్‌లు నడపడం మేలు. ఒక్కోదానికి సొంత యూజర్, సొంత డైరెక్టరీ, సొంత సాకెట్, ఆ సైటు పీహెచ్‌పీ యూజర్ ఒక్కడే సభ్యుడిగా ఉన్న గ్రూపు. ఖాళీ రెడిస్‌కి పట్టే మెమరీ కొద్ది మెగాబైట్లే. ఎంత మెమరీ దాటకూడదో ప్రతి దానికీ విడివిడిగా మ్యాక్స్‌మెమరీ సెట్టింగులో రాయచ్చు. అలా చేస్తే పండగ రద్దీలో ఒక సైటు క్యాష్ నిండిపోయినా పక్క సైటు సెషన్లు ఊడిపోవు.